అనంతగిరి కాటేజీ నుంచి అరకు, బొర్రా: ఏ రోజు ఎటు వెళ్లాలి

అరకు చూడ్డానికి వచ్చేవాళ్లు చాలామంది అరకు ఊళ్లోనే గది తీసుకుంటారు. అన్ని కాలాల్లోనూ ఆ కొండల్లో ఉండి చూసిన మీదట నా మాట: మూడు రోజులు ఉండేటట్టయితే అనంతగిరిలో కాటేజీయే మేలు. అసలు కారణం దారి. విశాఖ నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే బొర్రా గుహలు, కటికి జలపాతం అనంతగిరికి కింది వైపున పడతాయి. గాలికొండ వ్యూ పాయింట్, సుంకరిమెట్ట కాఫీ తోటలు, అరకు పై వైపున. అరకులో బస చేస్తే ఒక్క బొర్రాకే 36 కిలోమీటర్లు మలుపుల్లో దిగి, మళ్లీ అంతా ఎక్కాలి. అనంతగిరిలో ఉంటే ఒక రోజు కిందికి, ఒక రోజు పైకి వెళ్లొచ్చు. రెండూ ఒకే రోజులో కుక్కితే ఏదీ తృప్తిగా చూడలేరు.

కింది వైపు వెళ్లే రోజు బొర్రా గుహలు ముందు. ఉదయం 10కి తలుపు తీస్తారు, అప్పటికే టికెట్ కిటికీ దగ్గర ఉండండి. కాసేపటికి విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే ప్యాసింజర్ రైలు దిగినవాళ్లు, ఆ వెనకే విశాఖ నుంచి వచ్చే కార్లు అందుకుంటాయి. మధ్యాహ్నం తర్వాత అరకు నుంచి తిరుగు ప్రయాణంలో ఉన్న టూరు బస్సులు. ఆ రద్దీలో శివలింగం దగ్గరికి ఎక్కే నిటారు మెట్ల మీద వరసలోనే నిలబడిపోవాలి. లోపల పైనుంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతూనే ఉంటాయి. ఆ నీళ్లలో కరిగి వచ్చిన సున్నమే పేరుకుని పైనుంచి వేలాడే కొమ్ములు, కింద నుంచి లేచే స్తంభాలు అయ్యాయి. అవే నీళ్ల వల్ల మెట్లు జారతాయి. తోలు చెప్పులు వద్దు, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పెద్ద హాలు చూసి వెనక్కి వచ్చేసినా పెద్దగా పోయేదేం లేదు. రాతిని చేత్తో తడమొద్దు, చేతి జిడ్డు అంటిన చోట నల్లబడుతుంది. బయట కోతులుంటాయి. తినే వస్తువు కవరు చేతిలో కనబడకూడదు.

బొర్రా నుంచి కటికి జలపాతానికి సొంత కారు పనికిరాదు. రాళ్ల దారి, కారు అడుగుభాగం తగులుతుంది. అక్కడి జీపు మాట్లాడుకోవాలి. రేటు మనిషికి కాదు, బండికి. అందుకే ఇంకో కుటుంబంతో కలిసి వెళ్తే కలిసొస్తుంది. జలపాతం దగ్గర ఎంతసేపు ఆగుతారో ఎక్కకముందే తేల్చుకోండి, లేకపోతే అరగంటకే హారన్ మొదలవుతుంది. జీపు దిగాక కొంత నడక ఉంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నీళ్లు బాగుంటాయి. మార్చి తర్వాత అంత కష్టపడి వెళ్లక్కర్లేదు.

బొంగు చికెన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె వేయరు. వెదురులోని తడి ఆవిరయ్యి ముక్కను ఉడికిస్తుంది. అందుకే బొంగు పచ్చిగా ఉండాలి. ఎండిన బొంగు ముందు తనే మాడిపోతుంది, ముక్క లోపల పచ్చిగా మిగులుతుంది. అరగంటకు తక్కువలో అవదు. అడిగిన అయిదు నిమిషాల్లో చేతికొచ్చిందంటే పొద్దున కాల్చింది మళ్లీ వేడి చేశారన్నమాటే. గుహలోకి వెళ్లేముందు చెప్పి వెళ్తే బయటికొచ్చేసరికి తాజాగా దొరుకుతుంది.

పైకి వెళ్లే రోజు చీకటితోనే లేవాలి, అరకు దగ్గరి మాడగడ వ్యూ పాయింట్ కోసం. నవంబరు నుంచి జనవరి దాకా సూర్యోదయం వేళ కొండ కింద మేఘాలు పాలసముద్రంలా పరుచుకుంటాయి. కానీ రోజూ కాదు. ముందురోజు ఎండ కాసి, రాత్రి గాలి లేకుండా చలి బిగిస్తే దాదాపు ఖాయం. రాత్రి వాన పడితే పైకెక్కినా మంచులో పక్క మనిషి కూడా కనబడడు, హాయిగా పడుకోండి. అదే రోజుల్లో దారి పక్క చేలల్లో వలిసె పూలు పసుప్పచ్చగా విరగబూస్తాయి. ఫొటోకి రైతు డబ్బులడిగితే ఇవ్వండి. అది నూనెగింజ పంట, మన కాళ్ల కింద నలిగేది అతని రాబడి.

అరకులో గిరిజన మ్యూజియానికి గంట చాలు. పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టింది. పిల్లలుంటే బొమ్మరైలు కోసం వెళ్లండి, లేకపోతే వదిలేయొచ్చు. పాడేరు రోడ్డులో చాపరాయి మాత్రం వదలొద్దు. బండ మీద పల్చగా పారే నీరు చూసి భయం లేదనిపిస్తుంది. పాచి పట్టిన చోట కాలు నిలవదు, జారితే కింది గుంతల్లోకే. పిల్లల చెయ్యి వదలకండి.

తిరిగొస్తూ సుంకరిమెట్ట కాఫీ తోటలో ఆగండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగ. నవంబరు, డిసెంబరుల్లో పండు ఎర్రబడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తొలి జల్లు పడ్డ కొన్ని రోజులకు తోటంతా తెల్లగా పూస్తుంది, మల్లెల వాసన. ఆ పూత చూడ్డానికే వేసవిలో రావచ్చు. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) శాతం చదవండి. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో తేనె కూడా తీసుకోవచ్చు.

మూడో రోజు ఖాళీగా ఉంటే బొర్రా గుహలు స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కి అరకులో దిగండి. గంట ప్రయాణం, సొరంగం తర్వాత సొరంగం, మధ్యలో 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషన్. అద్దాల పెట్టెకు ముందే రిజర్వేషన్ కావాలి గానీ, ఇంత దూరానికి మామూలు పెట్టె కిటికీ చాలు. కారు అరకు తెచ్చేందుకు ఒకరు రోడ్డున రావాలి. రైలు ఆలస్యం మామూలే. గట్టి వానల్లో కొండచరియలు పడి ఆగిపోతుంది కూడా, బయల్దేరేముందు కనుక్కోండి.

పెట్రోలు ఎస్.కోటలో నింపుకోండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు, చిల్లర నోట్లు ఉంచుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది, కాటేజీలో దోమతెర అడిగి తీసుకోండి. వానాకాలంలో ఉతికిన బట్ట రెండు రోజులైనా ఆరదు, ఒక జత ఎక్కువ తెచ్చుకోండి. ఘాట్‌లో సాయంత్రం 5 దాటితే పొగమంచు కమ్ముతుంది, తిరుగు ప్రయాణం 3 లోపు మొదలుపెట్టాలి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలుంచితే ఘాట్ కింది వైపున్న తైడా ఊరు చేరకముందే మాడు వాసన వస్తుంది. అప్పుడు బండి పక్కకు తీసి చక్రాలు చల్లారేదాకా ఆగాలి, వాటి మీద నీళ్లు పోయొద్దు.