సెరీన్ 15 ఫాస్ఫో-పి53 యాంటీబాడీ: కంట్రోల్ లేన్ తెల్లగా ఉందని మురిసిపోకండి

మూడేళ్లలో మూడు లాట్లు (వేర్వేరు తయారీ విడతలు) వాడాక రాస్తున్న సమీక్ష ఇది. కణాన్ని క్యాన్సర్ నుంచి కాపాడే ప్రోటీన్ అయిన మనిషి పి53లో 15వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ ఉంటేనే పట్టుకోవాల్సిన కుందేలు పాలీక్లోనల్ (పలు రకాల మిశ్రమం) యాంటీబాడీ ఇది. పి53 గొప్పతనం, వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, మెంబ్రేన్ మీద యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) ఓనమాలు ఇక్కడ చెప్పను. ఇది కొనేవాళ్లకు అవి తెలిసే ఉంటాయి.

మొదటి లాట్ తెగ నచ్చింది. ఎంసీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాలకు, డీఎన్ఏను తెంచే మందు ఎటోపోసైడ్‌ను 50 మైక్రోమోలార్ చొప్పున 4 గంటలు ఇచ్చి, లేన్‌కు (జెల్‌లో ఒక వరుసకు) 30 మైక్రోగ్రాముల లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) వేసి, 1:1000 పలుచనలో రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచితే, 53 కిలోడాల్టన్ల దగ్గర గీత గీసినట్టు ఒకే ఒక్క బ్యాండ్ వచ్చింది. పక్కనే మందు ఇవ్వని లేన్ తెల్లటి తెలుపు. ఎక్స్‌పోజర్ 10 సెకన్ల నుంచి 5 నిమిషాలకు పెంచినా అక్కడ నీడ కూడా పడలేదు. ఫాస్ఫో యాంటీబాడీల్లో ఇంత శుభ్రత అరుదు.

ఆ మెప్పును ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. మందు తగలని కణంలో అసలు పి53 ఉండేదే కొద్దిగా. ఎండీఎం2 అనే ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కు పంపేస్తూనే ఉంటుంది, అర్ధాయువు 20 నిమిషాల చుట్టూ ఉంటుంది. ఎటోపోసైడ్ ఇచ్చినప్పుడు రెండూ కలిసి జరుగుతాయి: ఏటీఎం లాంటి కైనేజులు సెరీన్ 15కు ఫాస్ఫేట్ చేరుస్తాయి, పి53 మొత్తం కూడా పోగవుతుంది. అంటే ఫాస్ఫేట్ ఉందో లేదో ఏమాత్రం తేడా తెలియని యాంటీబాడీ వేసినా ఆ బ్లాట్ దాదాపు అలాగే కనిపిస్తుంది. లేబుల్ మీద, డేటా షీట్‌లో కనిపించే 'మందు లేదు, మందు ఉంది' జంట లేన్ల బొమ్మ ఫాస్ఫేట్ స్పెసిఫిసిటీకి రుజువు కాదు. ఈ ఒక్క విషయం మొదటి రోజే పట్టించుకోవాల్సింది.

రెండో లాట్‌తో గుట్టు బయటపడింది. ఎటోపోసైడ్ లేన్ పక్కన 10 మైక్రోమోలార్ నట్లిన్-3ఏ 8 గంటలు ఇచ్చిన లేన్ పెట్టాం. నట్లిన్ ఎండీఎం2 జేబులో దూరి పి53ను విడిపిస్తుంది. డీఎన్ఏ తెగదు కాబట్టి పి53 దండిగా పెరిగినా సెరీన్ 15 మీద ఫాస్ఫేట్ దాదాపు చేరదు. ఆ లేన్ ఖాళీగా ఉండాలి. కానీ ఎటోపోసైడ్ బ్యాండ్‌లో మూడో వంతు చిక్కదనంతో బ్యాండ్ వచ్చింది, సరిగ్గా అదే ఎత్తులో. పి53 అసలే లేని హెచ్1299 కణాల లేన్ మాత్రం ఖాళీ. అంటే ఇది వేరే ప్రోటీన్ కాదు, ఫాస్ఫేట్ లేని పి53నే యాంటీబాడీ పట్టుకుంటోంది.

దీన్ని నిర్ధారించే పరీక్ష, ఫాస్ఫేట్‌ను ఊడగొట్టే ఎంజైమ్ లాంబ్డా ఫాస్ఫటేజ్. నట్లిన్, ఎటోపోసైడ్ లైసేట్లను ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు (ఆ ఎంజైమ్‌ను ఆపేవి), లోహాలను పట్టేసే ఈడీటీఏ లేని బఫర్‌లో విడిగా తీసి, 1 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడ్ కలిపి, 50 మైక్రోలీటర్లకు 400 యూనిట్ల ఎంజైమ్‌తో 30 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి. ప్రోటీన్లను కోసే ఎంజైములను ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు మాత్రం తప్పనిసరి. అవి లేకపోతే పి53 కరిగిపోయి, ఫాస్ఫేట్ ఊడిందని పొరబడతాం. ఎంజైమ్ వేయని జంట గొట్టాన్ని కూడా అదే వేడిలో అంతసేపూ ఉంచాలి. ఎటోపోసైడ్ బ్యాండ్ చాలావరకు పోయి, చివరికి మిగిలింది నట్లిన్ బ్యాండ్ అంతే ఉంది. నట్లిన్ బ్యాండ్ తగ్గనే లేదు. ఇక సందేహం లేదు.

కారణం తయారీలోనే ఉంటుంది. ఇలాంటి పాలీక్లోనల్‌ను కుందేలుకు ఫాస్ఫోపెప్టైడ్ (ఫాస్ఫేట్ ఉన్న చిన్న ప్రోటీన్ ముక్క) ఇచ్చి పుట్టిస్తారు. ఆ సీరంలో ఫాస్ఫేట్‌ను చూసేవీ, పక్కనున్న అమైనో ఆమ్లాలను మాత్రమే చూసేవీ కలిసే ఉంటాయి. ఫాస్ఫోపెప్టైడ్ కాలమ్ రెంటినీ పట్టుకుంటుంది. ఫాస్ఫేట్ లేని పెప్టైడ్ కాలమ్ మీదుగా మళ్లీ పంపి, రెండో రకాన్ని వడగట్టాలి. ఆ రెండో వడపోత ఒక లాట్‌లో గట్టిగా, ఇంకో లాట్‌లో పలచగా జరిగితే ఫలితం ఇలాగే ఉంటుంది. లాట్ నంబరు మారితే యాంటీబాడీ మారినట్టే అనుకోవాలి.

ఆ రెండో లాట్‌ను పారేయకుండా వాడుకునే దారి ఉంది. ఫాస్ఫేట్ లేని అదే వరుస పెప్టైడ్‌ను, పలుచన చేసిన ప్రైమరీలో (అంటే ఈ యాంటీబాడీలో) మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము చొప్పున కలిపి, గది వేడిలో అరగంట తిప్పి, ఆ తర్వాతే మెంబ్రేన్ మీద పోయాలి. నట్లిన్ బ్యాండ్ గుర్తుపట్టలేనంత పలచబడింది, ఎటోపోసైడ్ బ్యాండ్ కొంచెమే తగ్గింది. పొరపాటున ఫాస్ఫోపెప్టైడ్ కలిపితే అంతా మాయమవుతుంది. గొట్టాల మీద పేర్లు పెద్దగా రాయండి. మూడో లాట్‌లో నట్లిన్ లేన్ మళ్లీ దాదాపు ఖాళీ, పెప్టైడ్ అవసరం రాలేదు.

సిగ్నల్ రాలేదని యాంటీబాడీని తిట్టే ముందు లైసేట్ ఎలా తీశారో చూసుకోవాలి. చాలామంది సోడియం ఆర్థోవనడేట్ వేసి నిశ్చింతగా ఉంటారు. అది ముఖ్యంగా టైరోసిన్ ఫాస్ఫటేజులను ఆపుతుంది. సెరీన్ ఫాస్ఫేట్ నిలవాలంటే సోడియం ఫ్లోరైడ్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్ కావాలి. అన్నిటికన్నా నమ్మకమైనది, ఐసు మీద ప్లేట్ కడిగిన వెంటనే వేడి ఎస్‌డీఎస్ శాంపిల్ బఫర్ నేరుగా పోసి గీకేయడం. డీఎన్ఏ వల్ల జిగటగా సాగుతుంది. సన్న సూదిలోంచి పదిసార్లు లాగి వదిలితే లేన్‌లోకి సాఫీగా దిగుతుంది. అయితే ఇలా తీసిన లైసేట్ ఫాస్ఫటేజ్ పరీక్షకు పనికిరాదు, ఎస్‌డీఎస్ ఆ ఎంజైమ్‌ను చంపేస్తుంది.

బ్లాకింగ్‌కు (మెంబ్రేన్ మీది ఖాళీ చోట్లను ముందే ప్రోటీన్‌తో కప్పడానికి) పాలపొడి వద్దనేవాళ్లు, పాలలోని కేసీన్ ఫాస్ఫోప్రోటీన్ అని గుర్తుచేస్తారు. మా చేతిలో పెద్ద తేడా బ్లాకింగ్‌లో కాదు, ప్రైమరీని దేనిలో పలుచన చేశామన్నదాంట్లో వచ్చింది. 5 శాతం బీఎస్ఏ (ఆవు సీరం అల్బుమిన్) ఉన్న టీబీఎస్‌టీ బఫర్‌లో చేస్తే పాలపొడితో పోలిస్తే సిగ్నల్ స్పష్టంగా ఎక్కువ. పలుచన చేసినదాన్ని రెండు వారాల్లో మూడుసార్లు వాడుకోవచ్చు, నాలుగోసారికి నీరసిస్తుంది.

ఇంకో ఉచ్చు ఫాస్ఫో సిగ్నల్‌ను మొత్తం పి53తో భాగించి నిష్పత్తి తీయడంలో ఉంది. అందరి దగ్గరా ఉండే డీఓ-1 ఎలుక మోనోక్లోనల్ (ఒకే రకం) యాంటీబాడీ పట్టుకునేది పి53లో 20 నుంచి 25వ అమైనో ఆమ్లం దాకా ఉన్న ముక్కను. అక్కడే ఉన్న సెరీన్ 20 మీద ఫాస్ఫేట్ చేరితే డీఓ-1 పట్టు తగ్గుతుంది. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు అదీ జరగొచ్చు కాబట్టి భాగహారంలో కింది అంకె తగ్గి, నిష్పత్తి లేనిపోని ఎత్తుకు వెళ్తుంది. 46 నుంచి 55 మధ్య చూసే పీఏబీ1801 యాంటీబాడీతో అయినా ఒకసారి సరిచూసుకోవాలి. మెంబ్రేన్ స్ట్రిప్ చేసి (పాత యాంటీబాడీని కడిగేసి) మళ్లీ వేయడం కన్నా జంట జెల్ నడపడమే మేలు.

ఇమ్యునోప్రెసిపిటేషన్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను లాగి వేరుచేయడం) తర్వాత ఇదే యాంటీబాడీ వేస్తే, 50 కిలోడాల్టన్ల దగ్గర లాగిన యాంటీబాడీ హెవీ చెయిన్ మసి పి53 మీదే పడుతుంది. ఎలుక యాంటీబాడీతో లాగి, ఎలుక ఐజీజీతో క్రాస్ కాకుండా శుద్ధి చేసిన, కుందేలు యాంటీబాడీని పట్టే సెకండరీతో చూడాలి. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో (వెలిగే యాంటీబాడీతో కణాలను మైక్రోస్కోపులో చూసినప్పుడు) కేంద్రకం బాగానే వెలుగుతుంది. కానీ విభజనలో ఉన్న కణాలు మందు లేకపోయినా ఒళ్లంతా మెరుస్తాయి. లెక్కల్లోంచి వాటిని తీసేయకపోతే కంట్రోల్ సగటు పాడవుతుంది.

మళ్లీ కొంటామా అంటే, మా పని పి53 సహజంగా ఉన్న ఎంసీఎఫ్-7, హెచ్‌సీటీ116 కణాల్లో, డీఎన్ఏ నష్టం మీద కాబట్టి కొంటాం. అయితే కొత్త లాట్ రాగానే నాలుగు లేన్లు నడుపుతాం: మందు లేనిది, ఎటోపోసైడ్, నట్లిన్, హెచ్1299. మీ కణాల్లో మ్యూటెంట్ పి53 కుప్పలుగా పోగై ఉంటే, ఉదాహరణకు ఆర్175హెచ్ మ్యుటేషన్ ఉన్న ఎస్‌కే-బీఆర్-3 కణాల లాంటివైతే, దీని జోలికి పోకపోవడమే మంచిది. అక్కడ ఫాస్ఫేట్ లేని పి53 ఎంత ఉంటుందంటే, వడపోతలో మిగిలిన కాస్త తప్పుడు పట్టే పెద్ద బ్యాండ్‌గా కనిపిస్తుంది. అలాంటి పనికి లాట్ తేడాలు తక్కువుండే రీకాంబినెంట్ మోనోక్లోనల్ వెతుక్కోండి. దానికీ మొదట నట్లిన్ లేన్ పెట్టి చూడండి.