నెల్లూరు పొగతోటలో మేడమీది ఫిజియోథెరపీ సెంటర్: పది నెలలు వెళ్లాక రాస్తున్నాను

నాకు 27 ఏళ్లు. మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. కిందటి జనవరిలో వేరే రాష్ట్రంలో రెండు కాళ్లూ పొడవు చేయించుకున్నాను. ప్రమాదం ఏమీ జరగలేదు, ఎత్తు కోసమే. అప్పటికి నేను 5 అడుగుల 2 అంగుళాలు. ఎందుకు చేయించుకున్నావంటే దానికి జవాబు ఇక్కడ రాయను. ఆ ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక, రాత్రిళ్లు కాలు మండిపోతుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియనివాళ్లు ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

మోకాలి కింద ఎముక కోసి, లోపల రాడ్డు వేసి, బయట రింగులు బిగిస్తారు. వారం ఆగాక నట్టును పానాతో పావు చుట్టు చొప్పున రోజుకు నాలుగుసార్లు తిప్పాలి. అట్లా రోజుకు 1 మిల్లీమీటరు. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టర్ 1950లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. సందు పడినచోట కొత్త ఎముక పుడుతుంది. కండ, నరం మాత్రం అంత సులువుగా సాగవు. ఈ రెండో మాట నాకెవరూ గట్టిగా చెప్పలేదు.

నట్టు తిప్పడం మొదలుపెట్టిన నెలకు కుడి పాదం మీద మంట పుట్టింది. ఎముక నొప్పి అప్పటికే నాకు అలవాటు. అది లోపల బరువుగా లాగుతుంది, దిండు మీద కాలు పెడితే కాస్త తగ్గుతుంది. ఇది వేరు. కారం పూసినట్టు మంట, మధ్యమధ్యలో కరెంటు షాకు. దుప్పటి తగిలినా, ఫ్యాను గాలి తగిలినా ప్రాణం పోయేది. మా ఊళ్లో దోమతెర లేకుండా పడుకోలేం. ఆ తెర అంచు వేలికి రాసుకుంటే అరిచేవాణ్ణి. నాయన టీవీ అట్టపెట్టెను ఒకపక్క కోసి నా పాదం మీద గూడులా నిలబెట్టాడు. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండి వచ్చిన మనిషి, పొద్దున్నే ఆ గూడు సరిగ్గా ఉందో లేదో చూసి గానీ పడుకునేవాడు కాదు.

ఆపరేషన్ చేసినచోటికి ఫోన్ చేస్తే, కాలు సాగుతోంది కాబట్టి నొప్పి మామూలేనన్నారు. వాట్సాప్‌లో ఒక మాత్ర పేరు పంపారు.

అప్పుడే ఈ పొగతోట సెంటర్‌కు వెళ్లాను. రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మొదటిరోజు నాయన, ఆటో అతను కలిసి నన్ను కుర్చీలో మోశారు. ఫిజియోథెరపీ చేసే మేడం వెంటనే మెషీన్ పెట్టలేదు, వ్యాయామమూ చెప్పలేదు. “తమ్ముడూ, బొటనవేలు పైకెత్తు” అన్నారు. ఎడమది లేచింది, కుడిది లేవలేదు. దూదితో బొటనవేలికీ పక్కవేలికీ మధ్య రాశారు, నాకేమీ తెలియలేదు. మోకాలి బయటివైపు, కొంచెం కింద, బొడిపెలా ఉండే ఎముక దగ్గర వేలితో మెల్లగా తట్టారు. షాకు పాదం దాకా పాకింది. నరం ఆ ఎముకను చుట్టుకుని కిందికి దిగుతుందట. కాలు సాగినప్పుడు అక్కడే బిగుసుకుంటుందని బొమ్మ గీసి చూపించారు.

“ఈ రోజు నట్టు తిప్పొద్దు, ముందు మీ సర్జన్‌తో మాట్లాడాలి” అని నా ఫోన్‌తోనే ఆయనకు చేయించారు. వేలు లేవడం లేదన్న మాట డాక్టర్ల భాషలో చెప్పేసరికి అవతల గొంతు మారింది. వారం ఆపమన్నారు, తర్వాత రోజుకు అర మిల్లీమీటరు చొప్పున తిప్పమన్నారు. 6 సెంటీమీటర్లు అనుకున్నది 4.8 దగ్గర ఆపేశాం. ఆ 1.2 కోసం ఏడ్చాను, నిజమే. అయినా ఆ రోజు ఆమె అట్లా ఆపకపోయి ఉంటే ఈ రోజు నేను పాదం ఈడ్చుకుంటూ నడిచేవాణ్ణని నా నమ్మకం.

మందులు తాను రాయకూడదని చెప్పి న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. అక్కడ నరాల పరీక్ష చేసి రాత్రికి ప్రెగాబాలిన్ అనే నరాల నొప్పి మందు రాశారు. దాంతో నిద్ర పట్టింది, పగలు మాత్రం మత్తుగా ఉండేది. ఒకసారి తగ్గిందనుకుని నేనే ఉన్నట్టుండి మానేశాను. రెండు రాత్రులు చెమటలు, నిద్ర లేదు. ఆ మందు కొంచెం కొంచెంగా తగ్గించాలి, అదీ డాక్టర్ చెప్పినట్టే. దయచేసి నేను చేసిన పని మీరు చేయకండి.

ఏప్రిల్‌లో రింగులు తీశాక అసలు పని మొదలైంది. పిక్క బిగుసుకుపోయి మడమ నేలకు ఆనేది కాదు. టవల్‌తో లాగడం, రాత్రిళ్లు పాదం కిందికి వాలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకోవడం. ముట్టుకుంటే మండే చర్మానికి మళ్లీ స్పర్శ అలవాటు చేయడం మాత్రం నాకు కొత్త. మొదట పట్టుగుడ్డ, తర్వాత నూలుగుడ్డ, ఆ తర్వాత గరుకు టవల్, రోజూ ఐదేసి నిమిషాలు. చివరికి టబ్బులో బియ్యం పోసి అందులో పాదం పెట్టమన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. “తినే బియ్యంలో కాలు పెడతావా” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మేడం అమ్మను తప్పుబట్టలేదు, ఇసుకైనా పనికొస్తుందన్నారు. నాయన పెన్న ఇసుక తెచ్చి, జల్లించి, కడిగి, డాబా మీద ఎండబెట్టాడు. రెండు నెలలు ఆ ఇసుకలోనే నా పాదం నేర్చుకుంది.

ఇంకెన్నాళ్లని అడిగినప్పుడు మేడం తారీఖు చెప్పలేదు. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుందన్నారు. నేను పానాతో తిప్పిన లెక్కా అంతే. ఆ మాట విన్నాక తొందర తగ్గింది నాలో.

లోపాలు కూడా చెప్పాలి. ఆ మెట్లు నాలాంటివాళ్లకు నరకం. నరానికి కరెంటు పెట్టే మెషీన్లు రెండే, సాయంత్రం ఆరు తర్వాత వెళితే గంట కూర్చోవాలి. మేడం సెలవు పెట్టిన రోజుల్లో వచ్చే కుర్రాడికి ఇలాంటి కాళ్లు కొత్త. ఒకసారి పాదం గట్టిగా వంచేశాడు, నేను చెప్పాక ఆపాడు. ఫీజు రోజుకు 400. ప్యాకేజీ తీసుకోమని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంట్లో చేయాల్సినవి తెలుగులో చేత్తో రాసిచ్చారు, ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీద ఉంది.

ఇప్పుడు బొటనవేలు లేస్తుంది, ఎడమదానంత పైకి కాదు. వేళ్ల సందున ఇంకా తిమ్మిరిగానే ఉంటుంది, చలిగాలికి మండుతుంది. నెలకు రెండుసార్లు వెళ్తున్నాను, మెట్లు నేనే ఎక్కుతున్నాను. ఐదుకు నాలుగు ఇస్తాను. వెళ్లేవాళ్లు పొద్దున పదిలోపు వెళ్లండి. కింద మందుల షాపు దగ్గర ఆగి ఫోన్ చేస్తే కుర్చీ పట్టుకుని ఇద్దరు దిగి వస్తారు.