ఆక్టావియాకి పెద్ద బ్రేకులు: కంపెనీ బ్రాకెట్టా, లేత్‌లో చేయించిందా, ఉన్నవే చాలా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తుంటే ఈగలపెంట దాటాక రోడ్డు డ్యామ్ వైపు మెలికలు తిరుగుతూ దిగుతుంది. బండిలో ఐదుగురం, డిక్కీ నిండా సామాను. ఆరేడు మలుపులు తిరిగేసరికి పెడల్ కింద మెత్తగా, స్పాంజి తొక్కినట్టు అనిపించింది. బండి ఆగింది కానీ ఆగాల్సిన చోట ఆగలేదు. పక్కకి తీసి ఆపితే ముందు చక్రాల దగ్గర ఘాటుగా కాలిన వాసన. ఇంట్లోవాళ్లకి ఏమీ చెప్పలేదు, నాకు మాత్రం చేతులు వణికాయి. పెద్ద బ్రేకులు వేయించాలన్న ఆలోచన ఆ రోజే పుట్టింది.

నాది మొదటి తరం స్కోడా ఆక్టావియా, 1.8 టర్బో. 2001లో మన దేశానికి వచ్చిన మోడల్ అది. అడుగుభాగం చూస్తే ఫోక్స్‌వ్యాగన్ నాలుగో తరం గోల్ఫ్‌కీ, మొదటి ఆడి టీటీకీ దగ్గరి చుట్టం. అందుకే వాటి బ్రేకులు దీనికి ఎక్కించడం యూరప్‌లో ఎప్పటినుంచో జరుగుతోంది. నా ముందున్నవి మూడు దారులు: ఉన్న 288 మి.మీ. డిస్కులకే (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలకే) మంచి ప్యాడ్లు (వాటిని నొక్కి ఆపే దిమ్మెలు), కొత్త బ్రేక్ ఆయిల్ వేయడం; టీటీకి కంపెనీ వేసిన 312 మి.మీ. డిస్కులు, వాటి బ్రాకెట్లు (క్యాలిపర్‌ని బండికి బిగించే ముక్కలు) తేవడం; పోర్షే బాక్‌స్టర్ నాలుగు పిస్టన్ల క్యాలిపర్‌ని (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాన్ని) అడాప్టర్ బ్రాకెట్ చేయించి బిగించడం. ఈ మూడూ నా బండి మీదే చూశాను.

ముందు ఒక మాట. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే మీ బండిలో ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి పట్టే ఏర్పాటు) కొట్టుకుంటోందా? కొట్టుకుంటే బ్రేకుల్లో బలానికి లోటు లేదు, పట్టు అయిపోయింది టైరుకి. అప్పుడు ఎంత పెద్ద డిస్కు వేసినా ఒక్క బ్రేకుకి బండి ఆగే దూరం తగ్గదు. మంచి టైర్లు కొంటే తగ్గుతుంది. పెద్ద డిస్కు ఇచ్చేది వేడిని తట్టుకునే ఓపిక. బరువైన ఇనుము నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి వరసగా పదిసార్లు తొక్కినా మొదటిసారి ఉన్న పట్టే పదోసారీ ఉంటుంది. ఘాట్ రోడ్డుకి కావాల్సింది అదే.

మొదటి దారి చవక, దాన్ని తేలిగ్గా తీసేయకండి. నా బండి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూస్తే డికాక్షన్ రంగులో ఉంది. ఆ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు లేస్తాయి, మనం తొక్కింది బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. ఆ రోజు నా కాలికి తెలిసిన స్పాంజి అదే. ఆయిల్ మార్చి, నాలుగు చక్రాలకీ బ్లీడింగ్ (గొట్టాల్లో గాలి తీసేయడం) చేయించి, మెరుగైన ప్యాడ్లు వేసి, మళ్లీ అదే రోడ్డు రెండో గేరులో దిగాను. పెడల్ చివరిదాకా గట్టిగానే ఉంది. ఊళ్లో తిరిగే బండికి, ఏడాదికి రెండుసార్లు కొండ దిగే బండికి ఇంతకు మించి అక్కర్లేదని ఇప్పటికీ నమ్ముతాను.

కానీ అప్పట్లో నా మనసు నాలుగు పిస్టన్ల మీదే ఉంది. రెండు పెద్ద బ్రేకుల్లో మొదట వాటి వెంటే పడ్డాను.

నాలుగు పిస్టన్లంటే నాలుగు రెట్ల బలం అనుకునేవాళ్లు చాలామంది. లెక్క వేసి చూడండి. నా పాత క్యాలిపర్‌లో ఉన్నది ఒక్క 54 మి.మీ. పిస్టన్. అది ఒకవైపు తోస్తే క్యాలిపర్ ఒళ్లంతా జరిగి రెండోవైపు ప్యాడ్‌ని లాగుతుంది. బాక్‌స్టర్ క్యాలిపర్‌లో ఒక్కో వైపు 36, 40 మి.మీ. పిస్టన్లు రెండు. 36ని 36తో, 40ని 40తో గుణించి కలిపితే 2896. 54ని 54తో గుణిస్తే 2916. రెండింటి వైశాల్యం దాదాపు ఒకటే. అంటే అదే డిస్కు మీద, అదే రకం ప్యాడ్లతో బలంలో తేడా లేదు. తేడా ఉన్నది ప్యాడ్ సమంగా నొక్కడంలో, బరువు తగ్గడంలో, తొక్కినప్పుడు పెడల్ గట్టిగా తగలడంలో. వైశాల్యం దగ్గరగా ఉండటం మంచిదే, ఎందుకంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ మార్చక్కర్లేదు. ఇంకా పెద్ద పిస్టన్లున్న క్యాలిపర్ తెస్తే పెడల్ లోతుగా దిగుతుంది, ముందు చక్రాల వాటా పెరిగి వెనక బ్రేకులు దండగవుతాయి.

అసలు కష్టం బ్రాకెట్ దగ్గరే. నకిల్ (చక్రాన్నీ బ్రేకునీ మోసే లోహపు దిమ్మ) మీద కంపెనీ బోల్టులు ఇరుసుకి సమాంతరంగా వెళ్తాయి. బాక్‌స్టర్ క్యాలిపర్ బోల్టులు చక్రం అంచు వైపు నుంచి లోపలికి దిగుతాయి, వాటి మధ్య దూరం 130 మి.మీ. ఈ రెండు దిక్కుల్నీ కలిపేది అరచేతిలో పట్టే ఒక లోహపు ముక్క. దాని మీద పడే బరువు తెలిస్తే నిద్ర పట్టదు. మనుషులతో కలిపి పదిహేను వందల కిలోల బండిని గట్టిగా ఆపితే, అందులో నాలుగింట మూడు వంతులు ముందు చక్రాలే మోస్తాయి. టైరు వ్యాసార్థంలో సగానికన్నా తక్కువ దూరంలో ప్యాడ్ పట్టుకుంటుంది కాబట్టి ఒక్కో బ్రాకెట్ మీద టన్నుకు పైనే పడుతుంది, అదీ తొక్కిన ప్రతిసారీ.

నేను బాలానగర్ వైపు ఒక లేత్ షాపులో అల్యూమినియం పలకతో చేయించాను. ఏ గ్రేడ్ అని అడగకపోవడం నా తప్పు. బిగించాక క్యాలిపర్ డిస్కుకి మధ్యలో కూర్చోలేదు, ఒక పక్కకి రెండు మి.మీ. జరిగింది. వాషర్లు పెట్టి సరిచేశారు. మూడు వారాల తర్వాత చక్రం విప్పి చూస్తే ప్యాడ్ ఒక చివర అరిగి వాలుగా తయారైంది. బోల్టు విప్పుతుంటే దాని మరల్లో చుట్టుకుని వెండి రంగు తీగ ఒకటి బయటికొచ్చింది. అది తీగ కాదు, బ్రాకెట్ లోపలి మర ఊడి వచ్చింది. కొడుకుని బడికి దింపి వచ్చింది ఆ బోల్టు మీదే. అక్కడే షెడ్డులో కూర్చుండిపోయాను.

అందుకే చెబుతున్నాను. చేయించాలనే ఉంటే లోహం గ్రేడ్ కాగితం మీద ఉండాలి. అల్యూమినియం అయితే 7075 లాంటి గట్టి రకం, మరల్లో స్టీలు ఇన్సర్టులు (అరగకుండా లోపల వేసే స్టీలు మరలు), 10.9 గ్రేడ్ బోల్టులు, టార్క్ రెంచితో (ఎంత బిగించామో కొలిచి చూపే రెంచితో) బిగింపు తప్పనిసరి. కొలతలు డ్రాయింగ్‌లో ఉండి మిల్లింగ్ మెషిన్ మీద తయారవ్వాలి, పలక మీద గీతలు గీసి డ్రిల్ చేస్తే కుదరదు. బాక్‌స్టర్ సొంత డిస్కు మందం 24 మి.మీ., టీటీది 25. ఆ క్యాలిపర్‌లో టీటీ డిస్కు పెడితే, కొత్త ప్యాడ్లతో ఆ ఒక్క మి.మీ. కూడా ఇరుకే. అల్లాయ్ చక్రం చువ్వలు క్యాలిపర్‌కి తగలకుండా అట్టముక్కతో నమూనా కోసి ముందే చూసుకోవాలి.

చివరికి నేను ఉంచుకున్నది టీటీ బ్రాకెట్లు, 312 డిస్కులు. 288 వచ్చిన బండికి పాత క్యాలిపర్ అలాగే పనికొస్తుంది, మారేది బ్రాకెట్, డిస్కు మాత్రమే. ప్యాడ్ 12 మి.మీ. బయటికి జరిగేసరికి అదే తొక్కుడికి దాదాపు పది శాతం ఎక్కువ పట్టు దొరుకుతుంది. పోత పోసి, పరీక్షించి, లక్షల బండ్ల మీద తిరిగిన బ్రాకెట్ అది. ఖర్చు ఒకటుంది: 15 అంగుళాల చక్రాల్లో ఇది పట్టదు, కనీసం 16 కావాలి. మీ బండికి 288 కన్నా చిన్న డిస్కులుంటే నకిల్ మీద క్యాలిపర్ కూర్చునే తీరే వేరుగా ఉండొచ్చు, కొనే ముందు కింద దూరి చూడండి.

ఇన్సూరెన్స్ సంగతి కూడా మరవకండి. వాహనాల మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు పెడుతుంది. ప్రమాదం జరిగితే లేత్ షాపులో చేయించిన ముక్క గురించి సర్వేయర్‌కి ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి.

బిగించిన రోజు డిస్కు వంకర చూసే డయల్ గేజ్ దాని మీద పెట్టి తిప్పాను, ముల్లు 0.03 మి.మీ. మించి కదల్లేదు. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచితో చూశాను, ఒక్కటీ వదులవ్వలేదు. ఆ లేత్ బ్రాకెట్ మాత్రం పారేయలేదు. పెద్ద బ్రేకులు వేయించాలని అడిగే స్నేహితుల చేతిలో మొదట అదే పెడతాను, ఆ ఊడిన మరతో సహా.