గుడ్డ తొడిగిన ఫోను: నోకియా 7200 వాడిన దాన్నిగా నా మాట

నోకియా 7200 గురించి ఎవరడిగినా నేను ముందు గుడ్డ సంగతే చెబుతాను. కెమెరా, తెర, సిగ్నలు అన్నీ ఆ తర్వాతే. ఈ మడత ఫోను కవర్లకు నిజమైన నేత గుడ్డ అంటించి ఉంటుంది. గుడ్డ డిజైను ముద్రించిన ప్లాస్టిక్ కాదు, గోటితో గీస్తే పోగులు తగులుతాయి. 2003 చివర్లో ప్రకటించి 2004లో అమ్మకానికి తెచ్చారు. అప్పట్లో మడత ఫోనంటే శాంసంగో మోటరోలానో అనుకునేవాళ్ళం. నోకియా వాళ్ళు మన దగ్గర సిమ్ముతో నడిచే జీఎస్‌ఎం ఫోన్లలో మడత జోలికి చాలాకాలం పోలేదు. తీరా చేసినప్పుడు, ఇదిగో, ఇలా గుడ్డ కట్టి పంపారు.

నేను బ్లౌజులు కుడతాను. పుట్టిల్లు చీరాల, ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగాను. అందుకని ఈ సమీక్షలో బట్ట గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి. మా ఆయన దీన్ని అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో కొన్నారు. ఆ డబ్బుతో మోటారున్న కుట్టు మిషనే వచ్చేదని మా అత్తగారు చాలా రోజులు దెప్పారు. నాలుగైదేళ్ళు నాకు ఇదే ఫోను. తర్వాత కస్టమర్ల నంబరుకి మాత్రం కేటాయించాను. మధ్యలో కొంతకాలం డ్రాయర్లో పడి ఉన్నా, ఇప్పటికీ కోయడం, కుట్టడం జరిగే బల్ల మీదే దీని మకాం.

ఆ బల్ల మీదే దీని అసలు గొప్పతనం తెలిసింది. మిషను నడుస్తుంటే బల్ల అదురుతుంది. ప్లాస్టిక్ ఫోను ఏదైనా సరే, ఆ అదురుకి జరుగుతూ జరుగుతూ అంచుదాకా పోయి కింద పడుతుంది. గుడ్డ తొడిగిన 7200 పెట్టిన చోటు నుంచి కదలదు. చేతిలోనూ అంతే, చెమట పట్టినా జారదు. మే నెలలో కిటికీ పక్కన పెట్టి మరిచిపోయినా ముట్టుకుంటే చురుక్కుమనదు. వేలిముద్రలు పడవు. ఫ్యాషన్ కోసం చేసిన ఫోన్లలో సోకు ఎక్కువ, పని తక్కువ అంటారు గానీ, దీని సోకే దీని పనితనం. ఈ మాట ఎక్కడా ఎవరూ రాసినట్టు నేను చూడలేదు.

ఇక గుడ్డతో వచ్చే చిక్కులు. మార్కింగ్ సుద్ద పొడి పోగుల సందుల్లో దూరితే దులిపినా పోదు. మూత తెరిచేటప్పుడు బొటనవేలు ఆనే చోట ఏడాదికల్లా నల్లటి మెరుపు వచ్చింది. తలకి నూనె రాసుకునే వాళ్ళకి మూత మీద చెవి వైపు జిడ్డు మరక ఖాయం. గుడ్డ ఆగి ప్లాస్టిక్ మొదలయ్యే అంచు దగ్గర మొదట దారాలు లేచాయి, తర్వాత ఉండలు కట్టాయి. ముదురు రంగు కాబట్టి దూరానికి తెలియదు. లేత రంగు కవరు తీసుకున్న వాళ్ళ గతి ఏమై ఉంటుందో నేను ఊహించగలను.

వానాకాలం మాత్రం దీనికి పడదు. ప్లాస్టిక్ ఫోను తడిస్తే కొంగుతో తుడిచేస్తాం, అయిపోతుంది. గుడ్డ నీళ్ళు పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని తొందరగా వదలదు. తడిసిన కవరు గంటల తరబడి ఫోనుని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆరాక కూడా ముక్క వాసన. ఒక వానాకాలం తర్వాత నేను ప్లాస్టిక్ కవరు తొడిగి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. గుడ్డ ఫోనుకి ప్లాస్టిక్ తొడుగేమిటని నవ్విన వాళ్ళున్నారు, నవ్వనీండి.

ఉతకొచ్చు. ఉతకొచ్చు అంటే కవర్లు ఊడదీసి, ఫోను పక్కన పెట్టి. సబ్బు వద్దు. పట్టుచీరకి వాడినట్టే కుంకుడు రసం పలచగా చేసి, మెత్తటి బ్రష్షుతో పోగు వాలు వెంబడే రుద్దాలి. చన్నీళ్ళే. వేడినీళ్ళు పోస్తే కింద జిగురు వదులైపోయి గుడ్డ ఉబ్బుతుంది. నీడన ఆరబెట్టాలి. పూర్తిగా ఆరకుండా తగిలించవద్దు, లోపల సిమ్ము, బ్యాటరీ ఉన్నాయి. ఇలా చేసుకుంటే మరకలు సగమైనా పోతాయి. ఆ బొటనవేలి మెరుపు మాత్రం పోదు, అది మురికి కాదు, అరుగుదల.

కవర్లు మార్చుకోవడానికి వీలుగానే దీన్ని తయారు చేశారు. చీరకి తగ్గ జాకెట్టు వేసుకున్నట్టు రోజుకొక కవరు వేసుకోండి అన్నది వాళ్ళ ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ కవర్ల అమ్మకం ఫోను మోడల్ ఎన్నాళ్ళు నడిస్తే అన్నాళ్ళే. తర్వాత కంపెనీ కవరు కళ్ళకి కనపడలేదు. ఫోను లోపలి భాగాలు ఇరవై ఏళ్ళు దాటి పనిచేస్తున్నాయి, ముందు పాడయ్యేదీ బజారులో దొరకనిదీ పైన తొడుగే. ఫ్యాషన్ ఫోను కొనే ఎవరైనా అడగాల్సిన ప్రశ్న ఇదే: మార్చుకోవచ్చు అంటున్నారు సరే, ఎన్నాళ్ళు అమ్ముతారు?

కాబట్టి నేనే గుడ్డ వేశాను. పాత గుడ్డ పీకేసి, జిగురు గీకి, ముందు మంగళగిరి కాటన్ ముక్క ప్రయత్నించాను. బట్ట మంచిదే గాని మందం ఎక్కువై కవరు గాడిలో కూర్చోలేదు. పట్టు వేస్తే కూర్చుంది, మూత వంపు దగ్గర నెలలోపే పోగు జరిగింది. చివరికి పలచటి కాటన్ బ్లౌజు పీసు కుదిరింది. కిటుకు ఏమిటంటే ముక్కని నిలువుకి కాకుండా క్రాసుకి, అంటే ఏటవాలుగా, కోయాలి. క్రాసు కటింగులో బట్ట సాగుతుంది, మూలల దగ్గర ముడతలు రాకుండా వంపుకి ఒదుగుతుంది. ఫెవికాల్ ఎంత పలచగా రాస్తే అంత మంచిది, ఎక్కువైతే పైకి ఉబికి మచ్చ పడుతుంది. బయటి చిన్న తెర కోసం గుడ్డలో వదిలే కిటికీ ముందుగా కోయకండి. అంటించి, ఆరాక, లోపలి అంచు వెంబడి బ్లేడుతో కోయండి. ముందే కోస్తే సాగి వంకర పోతుంది.

ఇప్పుడు ఫోను సంగతి. లోపలి తెర 128×128 పిక్సెళ్ళ చదరం, 65,536 రంగులు. ఇప్పటి కళ్ళకి చిన్న బిళ్ళలా ఉంటుంది గానీ, నంబర్లు చదవడానికి నాకు చత్వారం వచ్చాక కూడా ఇబ్బంది లేదు, అక్షరాలు పెద్దవి. బయటి చిన్న తెర మీద టైమూ, ఫోను చేసిన వాళ్ళ పేరూ కనిపిస్తాయి. కత్తెర చేతిలో ఉన్నప్పుడు మూత తెరవకుండానే ఎవరో చూసి వదిలేయొచ్చు, ఈ సుఖం ఇప్పటి ఫోన్లలో మళ్ళీ కొత్తగా కనిపెట్టినట్టు అమ్ముతున్నారు. మెనూ నోకియా సిరీస్ 40 రకం, నోకియా 6610 వాడిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మాట స్పష్టంగా వినిపిస్తుంది. మూత మూస్తే కాల్ అయిపోతుంది, బేరం తెగని కస్టమరుతో మాట్లాడి టప్పున మూయడంలో ఉన్న తృప్తి గాజు తెర మీద ఎర్ర గుండ్రాన్ని నొక్కితే రాదు.

కెమెరా ఉందంటే ఉంది. 352×288, అంటే లక్ష పిక్సెళ్ళు. బ్లౌజు వెనక మెడ గుండ్రమా, బోట్ నెక్కా అన్నది ఫొటోలో తెలుస్తుంది. మగ్గం వర్కు మాత్రం రంగు ముద్దలా కనపడుతుంది. బ్లూటూత్ లేదు. ఫొటోని పక్క ఫోనుకి నేరుగా పంపాలంటే ఇన్‌ఫ్రారెడ్డే గతి. రెండు ఫోన్లనూ బల్ల మీద ఎదురెదురుగా పెట్టి, అటూ ఇటూ కదపకుండా కాపలా కాయాలి. మెమరీ కార్డుకి చోటు లేదు. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో ఇన్‌ఫ్రారెడ్ లేదు కాబట్టి నేను తీసిన పాత ఫొటోలు చాలావరకు అందులోనే ఇరుక్కున్నాయి, వాటిని చూడాలంటే ఈ ఫోనే తెరవాలి.

ఎఫ్‌ఎం రేడియో నేను బాగా వాడిన వస్తువు. ఇయర్‌ఫోన్ వైరే యాంటెనా కాబట్టి అది గుచ్చితే తప్ప రేడియో పలకదు. ఆ గుచ్చే చోటు మామూలు గుండ్రటి రంధ్రం కాదు, నోకియా వాళ్ళ పాప్ పోర్టు, బల్లపరుపు పట్టీలా ఉంటుంది. 2006లో హైదరాబాదులో ప్రైవేటు స్టేషన్లు మొదలయ్యాక పండగ సీజన్లో రాత్రుళ్ళు కూర్చుని కుట్టిన పనంతా ఈ రేడియోతోనే గడిచింది. ఇప్పుడు పాప్ పోర్టు ఇయర్‌ఫోన్ దొరకడం కష్టం, దొరికినా వైరు లోపల తెగినవే ఎక్కువ.

మడత ఫోను అనగానే చూడాల్సింది మూత తిరిగే కీలు. నట్టు వదులవ్వడం కాదు నేను చెప్పేది. పై తెరకీ కింది బోర్డుకీ మధ్య కరెంటు, బొమ్మ మోసే పలచటి ఫ్లెక్స్ పట్టీ ఆ కీలులోంచే పోతుంది. మూత తెరిచిన ప్రతిసారీ అది వంగుతుంది. ఏళ్ళు గడిచాక అందులోని రాగి గీతలు చిట్లుతాయి. సగం తెరిచినప్పుడు బొమ్మ వచ్చి పూర్తిగా తెరిస్తే తెర తెల్లబడిందంటే జబ్బు అదే. నాదానికి ఒకసారి వచ్చింది. బాగుచేసిన షాపువాడు పట్టీ సరిగ్గానే వేశాడు గానీ, గుడ్డ కవరు ఊడదీయకుండా సోల్డరింగ్ చేసి ఓ మూల కాల్చి ఇచ్చాడు. రిపేరుకి ఇచ్చేటప్పుడు కవర్లు మీరే ఇంట్లో తీసి పెట్టుకోండి.

ఇవాళ నెట్‌వర్కు సంగతి అడుగుతారు. ఇది 2జీ ఫోను. జియో సిమ్ము ఇందులో పనిచేయదు, వాళ్ళకి 2జీ లేదు. నేను ఎయిర్‌టెల్ వాడుతున్నాను, కాల్సూ మెసేజీలూ వస్తాయి, బ్యాంకు ఓటీపీలు కూడా. ఇప్పటి నానో సిమ్ముకి అడాప్టరు కావాలి. చవకరకం అడాప్టరు లోపలి పిన్నులకి తట్టుకుని వాటిని పీకేస్తుంది, కాబట్టి పెద్ద సైజు సిమ్మే అడిగి తీసుకోండి. తెలుగులో వచ్చే మెసేజీలు నా దాంట్లో వరసగా డబ్బాలే. పేరుకి బ్రౌజరు ఉంది, ఇప్పటి సైటు ఏదీ తెరుచుకోదు.

బ్యాటరీ బీఎల్‌డీ-3. నోకియా 2100, 6610, 7210 ఫోన్లకి వాడినదే. నోకియా 1100కి వేసే బీఎల్-5సీ బ్యాటరీ అయితే ఇవాళ్టికీ వీధి చివర కొట్లో దొరుకుతుంది, రేడియోల్లోనూ స్పీకర్లలోనూ అదే వేస్తున్నారు కదా. బీఎల్‌డీ-3కి ఆ అదృష్టం పట్టలేదు. కొత్తదని అమ్మేవి చాలావరకు నకిలీవి, ఒకటి నా దగ్గర ఉబ్బిపోయి వెనక కవరుని పైకి నెట్టింది. చార్జరు పాత లావు పిన్ను, అది ఏ ఇంటి అటక మీదైనా ఒకటుంటుంది.

ఆ రోజుల్లో ఫోనుని నగలా అమ్ముదామని చాలామంది చూశారు. సీమెన్స్ వాళ్ళు 2003లో జెలిబ్రి అని ఒక వరస తెచ్చారు, అందులో ఒకటి అద్దాలతో సహా పౌడరు డబ్బా ఆకారంలో ఉండేది. మరుసటి ఏడాదికే ఆ దుకాణం కట్టేశారు. నోకియా 2004లోనే 7260, 7270, 7280 తెచ్చింది. 7270 కూడా మడత ఫోనే, దానికీ మార్చుకునే గుడ్డ తొడుగులు ఇచ్చారు. 7280 లిప్‌స్టిక్ ఆకారం, నంబర్ల బటన్లే ఉండవు. నాకైతే అది ఫోను చేసే వస్తువులా అనిపించలేదు. అదే ఏడాది మోటరోలా రేజర్ వి3 వచ్చింది, మూస్తే 13.9 మిల్లీమీటర్ల మందం, ఒళ్ళంతా లోహం. అందరి చూపూ అటే పోయింది. ఫ్యాషన్ అంటే సన్నగా, చల్లగా, మెరుస్తూ ఉండాలని ఖాయమైపోయింది. మా ఆడపడుచు దగ్గర రేజర్ ఉండేది. పక్కపక్కన పెడితే నాది బొద్దుగా, పాతకాలపు మనిషిలా ఉండేది, ఒప్పుకుంటాను. అయితే రేజర్ మీద పడిన నొక్కు అలాగే ఉండిపోయింది, నా ఫోనుకి మాత్రం ఎప్పటికప్పుడు కొత్త బట్ట వేశాను.

రోజూ వాడటానికి ఒకే ఫోను కావాలనుకునే వాళ్ళకి ఇది వద్దు. రెండో నంబరుకి, లేదా పాత నోకియాలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి అయితే కొనొచ్చు. కొనేటప్పుడు మూత నెమ్మదిగా పదిసార్లు తెరిచి మూసి తెర చూడండి, బ్యాటరీ తీసి పక్కలు ఉబ్బాయేమో చూడండి, కవర్లు తగిలించే ప్లాస్టిక్ కొక్కేలు విరిగి ఉంటే వదిలేయండి, వాటికి మందు లేదు. గుడ్డ మాసిందనీ చిరిగిందనీ మాత్రం వెనకాడకండి, ఆ మాట చెప్పి ధర తగ్గించుకోండి. జత కవర్లకి పావు మీటరు బట్ట కూడా పట్టదు.