హ్యామక్‌లో చలి కింద నుంచి వస్తుంది: సకలేశపుర, చిక్కమగళూరు, ఏర్కాడ్

బెంగళూరు నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారానికి తిరిగొచ్చే దూరంలో హ్యామక్, అంటే రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఊయల, కట్టుకోడానికి చోట్లు చాలానే ఉన్నాయి. డిసెంబరు, జనవరిలో వెళ్ళేవాళ్ళు మాత్రం స్టే బుక్ చేసే ముందే వీపు కింద ఏం వేసుకోవాలో తేల్చుకోండి. మనవాళ్ళు మంకీ క్యాప్, స్వెట్టర్, రెండు దుప్పట్లు సర్దుకుంటారు, అవన్నీ పైన కప్పుకునేవే. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చగా ఉండేది దానిలోపల ఉబ్బి నిలిచిన గాలి వల్ల, హ్యామక్‌లో పడుకోగానే మన బరువుకి కింది భాగం అణిగి ఆ గాలి కాస్తా పోతుంది, ఇక బట్టకి అవతల చల్లగాలి రాత్రంతా వీస్తూనే ఉంటుంది. టెంట్‌లో నేల చల్లగా ఉన్నా కనీసం గాలి కొట్టదు.

ఎంత చలికి సిద్ధపడాలో ఎత్తు చూసి అంచనా వేయొచ్చు. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కణ్ణుంచి వెయ్యి మీటర్లు పైకెక్కితే మామూలుగా ఆరు డిగ్రీలు తగ్గుతుంది. గాలి ఎలా కొడుతుందన్నది వేరే లెక్క.

సకలేశపుర దాదాపు మన ఊరంత ఎత్తే, కాబట్టి మామూలు ఫోమ్ ప్యాడ్ చాలు, డెకాథ్లాన్‌లో చుట్ట చుట్టి అమ్మేది. మేం దిగింది ఒక కాఫీ తోటలో. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, సరైన దూరంలో ఉంటాయి, చూడగానే స్ట్రాప్ కట్టేద్దామనిపిస్తుంది, కానీ చాలావాటికి మిరియాల తీగ పాకి ఉంటుంది. "తీగ లేని చెట్టు నేను చూపిస్తాను సార్, ఆగండి" అని తోట మేస్త్రీయే వచ్చి చూపించాడు. స్ట్రాప్ వెడల్పుగా ఉండాలి, తాడు కడితే బెరడు కోసుకుపోతుంది. పొద్దున్నే వేడినీళ్ళు, అక్కి రొట్టె, కాఫీ అన్నీ అడక్కుండానే వచ్చాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది సకలేశపురే.

చిక్కమగళూరు వేరే కథ. ముళ్ళయ్యనగిరి 1,930 మీటర్లు, కర్ణాటకలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. దాని వాలు మీద ఉన్న తోటల్లో రాత్రి గాలి ఆగదు. ఇక్కడ ఫోమ్ ప్యాడ్ సరిపోదు, వెడల్పు తక్కువ కాబట్టి హ్యామక్‌లో ఐమూలగా పడుకున్నప్పుడు భుజాలు బయటికొచ్చేస్తాయి, పక్కకి తిరిగితే ప్యాడ్ జారిపోతుంది. పనికొచ్చింది అండర్‌క్విల్ట్, అంటే హ్యామక్‌కి బయట, కింద వేలాడే బొంత. మన బరువు దాని మీద పడదు కాబట్టి అణగదు. అయితే వదులుగా వేలాడితే మధ్యలోంచి గాలి దూరి అది ఉన్నా లేనట్టే, మరీ బిగిస్తే మళ్ళీ అణిగిపోతుంది. ఒకరు పడుకున్నాక ఇంకొకరు కిందనుంచి చెయ్యి పెట్టి ఖాళీ ఉందో లేదో చూడాలి.

షాపుల్లో అండర్‌క్విల్ట్ దొరకడం కష్టం. మా ఫ్రెండ్ చిక్‌పేటలో పల్చటి నైలాన్ గుడ్డ కొని, మధ్యలో పాలియెస్టర్ ఫైబర్ పరిపించి, మారతహళ్ళి టైలర్ చేత కుట్టించుకున్నాడు. అంత ఓపిక లేకపోతే కాళ్ళ దగ్గర కూడా జిప్ తెరుచుకునే స్లీపింగ్ బ్యాగ్ తీసుకుని, హ్యామక్‌ని దాని మధ్యలోంచి దూర్చేయండి, బ్యాగ్ చుట్టూ గొట్టంలా నిలుస్తుంది. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ బాగా పనిచేస్తుంది. అన్నట్టు, అక్కడ మేం దిగిన క్యాంపువాళ్ళు ఫోన్లో "బెడ్డింగ్ అంతా మాదే" అన్నారు, తీరా చూస్తే పల్చటి రగ్గొకటి ఇచ్చారు. ఏం ఇస్తారో ఫోటో పెట్టమని ముందే అడగండి. భోజనం, బాత్రూములు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అక్కడి కొండలోయల్లో ఉండే షోలా అడవిలో హ్యామక్ కట్టుకుందామన్న ఆలోచన మాత్రం వద్దు, అటవీశాఖ పర్మిషన్ లేకుండా ఇబ్బందే.

అద్దె స్లీపింగ్ బ్యాగులు నాకు నచ్చవు. ఉతికి ఉతికి పాత దిండులా చప్పబడి ఉంటాయి. లేబుల్ మీద రెండు ఉష్ణోగ్రతలుంటే కంఫర్ట్ అన్నదే చూడండి, లిమిట్ అన్నది కాళ్ళు ముడుచుకుని ఎలాగో గడిపేయడానికి.

ఏర్కాడ్ సుమారు 1,500 మీటర్లు, సేలం నుంచి హెయిర్‌పిన్ మలుపులెక్కి వెళ్ళాలి. చలి మరీ ఎక్కువ కాదు, మంచే ఇబ్బంది. పక్షి ఈకల డౌన్ తడిస్తే ముద్దకట్టి పనికిరాదు, ఇక్కడికి సింథటిక్కే నయం. తళతళలాడే ఎమర్జెన్సీ షీట్ వీపు కింద పరిస్తే చెమట బయటికి పోక తెల్లారేసరికి బట్టలు చెమ్మగిల్లుతాయి, పైగా కదిలినప్పుడల్లా చప్పుడు. టార్ప్, అంటే హ్యామక్ పైన కప్పులా కట్టే షీటు, కిందికి దించి కట్టుకుంటే మంచు, గాలి రెండూ తగ్గుతాయి. పిల్లలతో వెళ్తే ఇక్కడ గదే తీసుకుని, హ్యామక్ మధ్యాహ్నం కునుక్కి వాడుకోండి.