దర్శి వైపు అద్దెకిచ్చే తేనెటీగల పెట్టెలు: మా పొద్దుతిరుగుడు చేలో ఎలా పనిచేశాయంటే

ఏటా తాలు గింజలు ఎక్కువవుతున్నాయని ఈసారి తేనెటీగల పెట్టెలు అద్దెకు తెప్పించాం. పొద్దుతిరుగుడు పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది, గాలికి లేచేది కాదు. పైగా పువ్వులోని ప్రతి చిన్న పువ్వూ ముందు పుప్పొడి ఇస్తుంది, పుప్పొడిని అందుకునే కీలాగ్రం ఆ తర్వాతే విచ్చుకుంటుంది. తేనెటీగ మోసుకొస్తేనే గింజ బాగా కడుతుంది. దానికి కూలి మకరందం, పిల్లలకు పుప్పొడి.

పువ్వు అంచు నుంచి నడిమికి విచ్చుకుంటుంది. అందుకే పెట్టెలు పూత మొదట్లోనే దిగాలి. పెట్టెలవాళ్లు ఆలస్యం చేశారు, పువ్వు అంచు వరుసల్లో తాలు మిగిలింది. నడిమి మాత్రం గట్టిగా నిండింది. అద్దె న్యాయమే.

పక్క చేను మామ పొద్దున్నే, ఈగలు తిరిగే వేళ, పురుగుమందు కొడతానంటే ఒకటే టెన్షన్. బతిమాలి సాయంత్రానికి మార్పించా. పెట్టెలవాళ్లు ఊరికే ఇచ్చిన సీసాలో తేనె పలుచగా ఉంది, తొందరపడి తీసినట్టున్నారు.