బొబ్బిలి ఏకాండి వీణ: కొని ఏడాది వాడాక చెబుతున్నా

చిన్నప్పుడు మూడేళ్ళు వీణ నేర్చుకుని పదో తరగతిలో వదిలేశాను. నలభై దాటాక మళ్ళీ వాయించాలనిపించి వెతుకుతుంటే, మా అమ్మ "కొంటే బొబ్బిలిదే కొను" అంది. బొబ్బిలి వీణ అంటారు గానీ చేసేది ఆ పక్కనే ఉన్న గొల్లపల్లిలో, తరతరాలుగా ఇదే పని చేస్తున్న సర్వసిద్ధి కుటుంబాలవాళ్ళు. 2012లో జీఐ గుర్తింపు (ఈ ఊరి ప్రత్యేక వస్తువు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేయొచ్చు, కానీ నేను రైలెక్కి వెళ్ళాను. వెళ్ళడమే మంచిదైంది.

ఎందుకంటే అక్కడ కూర్చుని చూస్తేనే ఏకాండి అంటే ఏమిటో తెలుస్తుంది. కుండ, దండి, మెడ అన్నీ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, అతుకు ఉండదు. నేను వెళ్ళేసరికి ఒక పెద్దాయన మేళం కడుతున్నారు, అంటే మసి కలిపిన మైనం మీద మెట్లు, అదే తీగని నొక్కి స్వరాలు పలికించే లోహపు కడ్డీలు, నిలబెట్టడం. 24 మెట్లు, రెండు స్థాయిలు. ఒక్కో మెట్టు పెట్టడం, తీగ మీటడం, తల వంచి వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్ళీ మీటడం. ఒక మెట్టు దగ్గర నాకు సరిగ్గానే వినపడింది, ఆయన మాత్రం ఇంకోసారి జరిపి "ఇప్పుడు వినమ్మా" అన్నారు. నిజంగానే తేడా ఉంది! ఆ క్షణంలోనే కొనాలని నిర్ణయించేసుకున్నా.

రెండు నెలల్లో తయారైంది, రవాణాతో కలిపి 30 వేలు దాటింది. పార్శిల్ విప్పితే ఒక బిరడ (తీగ బిగించే మర) విరిగి ఉంది, ఆ రాత్రి చాలా బాధపడ్డాను. పొద్దున్నే ఫోన్ చేస్తే చేసినవాళ్ళు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కొత్త బిరడ పంపారు, ఇక్కడ రిపేరు చేసే ఆయన దాన్ని కొంచెం చెక్కి రంధ్రానికి సరిపెట్టారు.

ఇక నాదం. మంద్రం తీగ ఒక్కసారి మీటి వదిలేస్తే గదిలో చాలాసేపు నిలబడుతుంది. సారణి, అంటే మొదటి తీగ మీద గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, లాగుతుంటే చేతికి ఎదురు తిరగదు, ఎంత లాగితే అంత పలుకుతుంది. చిటికెనవేలితో తాళం తీగలు మీటినప్పుడు వచ్చే ఆ సన్నటి మోత మా ఇంట్లో అందరికీ ఇష్టం. బరువు మాత్రం బాగానే ఉంటుంది, ఒక్కదాన్నే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చడం కష్టం.

కొనేవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఎండ సంగతి. మే నెలలో బాల్కనీ పక్కన పెట్టి ఆఫీసుకి వెళ్ళాను, సాయంత్రానికి మైనం మెత్తబడి పైస్థాయి మెట్లు రెండు పక్కకి వాలిపోయాయి. మేళం మళ్ళీ కట్టించాల్సి వచ్చింది. ఎండ తగలని గోడ వారగా పెట్టండి, అంతే.

ఇంకో మాట. దీన్ని పెట్టెలో పెట్టి బీరువా మీదకి ఎక్కించకండి. మాది హాల్లో చాప మీదే ఉంటుంది, పైన పాత పట్టుచీర ముక్క కప్పి. ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, టీ పెట్టేలోపు, మాయామాళవగౌళ రాగంలో జంట వరసలు (స్వరాలు రెండేసి చొప్పున వాయించే తొలి పాఠాలు) పది నిమిషాలు. ఒక్కోరోజు అంతకు మించి కుదరదు. కానీ ఆ పది నిమిషాల వల్ల వినడమే మారిపోయింది. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారి రికార్డింగులు ఇదివరకూ వినేదాన్ని, పని చేసుకుంటూ. ఇప్పుడు ఆయన ఒక్క మెట్టు మీదే తీగ లాగి మూడు నాలుగు స్వరాలు పలికిస్తుంటే చేతిలో గరిటె ఆగిపోతుంది, అదెంత కష్టమో నా వేళ్ళకి తెలుసు కాబట్టి.

మొన్న బంధువుల పెళ్ళిలో నాదస్వరం వాయిస్తుంటే మా పన్నెండేళ్ళ అమ్మాయి భోజనాల దగ్గర ఆగి, "అమ్మా, ఇది నువ్వు సాయంత్రాలు వాయించే రాగమే కదా" అంది. మోహనం. దానికి నేనెప్పుడూ రాగం పేరు చెప్పలేదు, పాఠమూ చెప్పలేదు. హోమ్‌వర్క్ చేసుకుంటూ విన్నదే.

గొల్లపల్లిలో బహుమతులకిచ్చే చిన్న వీణలు కూడా చేస్తారు, పనితనం చాలా బాగుంటుంది, అవి కూడా కొనండి. కానీ ఇంట్లో ఒక్కరికైనా మీటాలనే కోరిక ఉంటే మాత్రం డబ్బు కూడబెట్టుకుని పెద్దదే తీసుకోండి. ముందు మీ ఊళ్ళో నేర్పేవాళ్ళెవరో, మేళం కట్టేవాళ్ళెవరో కనుక్కుని ఆర్డర్ ఇవ్వండి. వెళ్ళగలిగితే స్వయంగా వెళ్ళండి, పొద్దున పూట అయితే మేళం కట్టడం దగ్గరుండి చూడొచ్చు.